చోటు తప్పిన సరుకు

డైపర్ల దొంతర వెనక చెయ్యి పెట్టగానే మెత్తగా, తడిగా ఏదో తగిలింది. చూడకుండానే ఏరుడమ్మకు తెలిసిపోయింది, కోడిమాంసమని. నిన్న సాయంత్రం ఎవరో మహానుభావుడు దాన్ని ఫ్రీజరులోంచి తీసి, కొట్టు ఈ చివరిదాకా మోసుకొచ్చి, మనసు మార్చుకుని, ఇక్కడ దాచి చక్కా పోయాడు. రాత్రంతా కారిన ఎర్రనీళ్లు కింది అరలోకి దిగి సబ్బుపొడి అట్టపెట్టెలను నానబెట్టాయి.

"ఛీ! వీళ్లూ మనుషులేనా!" అంది డైపర్లతో.

ఆ పెద్ద కొట్టులో ఆమె పని అదే. కొందామనుకుని తీసి, వద్దనుకుని ఎక్కడపడితే అక్కడ జనం వదిలేసిన సరుకులను ఏరడం. పాడైనవాటిని చెత్తలోకి, బాగున్నవాటిని వాటి చోటికి చేర్చడం. అందుకే అందరికీ ఆమె ఏరుడమ్మ. పొట్టి మనిషి. ఎండిన చేతులు. ఫినాయిలు నీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు పొరలు పొరలుగా లేచిపోయాయి. తువ్వాళ్ల మడతల్లో చేపలూ, కొత్త చెప్పుల్లో కొరికి కుక్కిన ఆపిల్ పళ్లూ, అద్దాల వెనక కరిగిన ఐస్‌క్రీములూ ఆమెకు రోజూ దొరికేవే. మనుషులను ఆమె తెలుసుకున్నది ఈ దొడ్డిదారినే. కాబట్టి వాళ్లంటే రోత పుట్టిందంటే ఆమెదేం తప్పు?

ఇంట్లోనూ ఇదే వైభోగం. నడుం పడిపోయి మంచం పట్టిన మొగుడు సగం తిన్న రొట్టె దిండు కింద దోపుతాడు. ఆయన పడ్డ నాటినుంచీ ఇల్లు గడిచేది ఆమె చేతుల మీదే. "కొట్టుకొచ్చేవాళ్లే నయం, వదిలేసి పోతారు. ఈయన వదిలేసి ఎక్కడికీ పోడు" అని బిల్లులు వేసే కౌంటరామెతో అంటూ ఉంటుంది. అని, పెందలాడే ఇంటికి పరుగెత్తుతుంది.

బండి తోసుకుంటూ ఉల్లిపాయల దగ్గరికి వచ్చేసరికి సూపర్‌వైజరు ఎదురయ్యాడు. ఇస్త్రీ మడత నలగని కుర్రమనిషి.

"పెద్దమ్మా, ఇవాళ్టినుంచి జనం లోపలికి రానక్కర్లేదు. ఫోన్లో చెబితే మనం పెట్టెలో సర్ది కిటికీ దగ్గర అందిస్తాం. కారు కూడా దిగక్కర్లేదు. బజారు పని చిటికెలో అయిపోతుంది."

"ఎవ్వరూ రారా?"

"ఒక్కరూ రారు."

పీడ విరగడైందనుకుంది ఏరుడమ్మ. ముఖం కూడా విప్పారింది. అంతలోనే ఒకటి తట్టింది. ఎవరూ రాకపోతే ఎవరూ పారెయ్యరు. పారెయ్యకపోతే ఏరేదేముంది?

"మరి నేనో, బాబూ?"

"పెట్టెలు నింపే పనిలో వేస్తాను. ఇవాళ చేసి చూపించు. కుదిరిందా, ఉంటావు. కుదరకపోతే నేను చెయ్యగలిగింది లేదు."

వెనకగదిలో పొడుగాటి బల్ల మీద పెట్టెలు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. చాలావరకు కౌంటరామె పొద్దున్నే నింపేసింది. మిగిలిన ఒకటీ అరా పెట్టె మీది చీటీ చూసి తెచ్చి వేస్తే చాలు. మొదటి పెట్టెలో గోధుమపిండి వేసింది. రెండోదాంట్లో ఉల్లిపాయలు. మూడోదాంట్లోకి తొంగి చూసి ఆగిపోయింది.

తువ్వాళ్ల మీద చేపల పొట్లం. దాని పక్కన బిస్కెట్లు. బిస్కెట్లకు ఒరుసుకుని బొద్దింకల మందు.

వంట్లో పాత జుగుప్స పాములా లేచింది. ఇన్నేళ్లూ ఏ దరిద్రాన్నైతే విడదీసిందో, అదంతా ఒక్కచోట కుప్ప పోసి ఉంది. చెయ్యి ఆమెను అడగలేదు. చేప ఫ్రీజరుకు పోయింది. తువ్వాళ్లు తువ్వాళ్ల అరకు, మందు మందుల మూలకు. పక్క పెట్టెలో సబ్బుకు అంటుకుని వెన్న కనబడింది, అదీ పోయింది. బండి వెళ్తోంది, వస్తోంది. ఆ రోజు మొదటిసారి మనసు కుదుటపడింది. అడ్డం వచ్చే జనం లేరు, పని చకచకా సాగింది. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగి ఉంటే, సర్దుతున్నానని చెప్పేది.

కిటికీ దగ్గర కేకలు మొదలయ్యాకే ఆమెకు స్పృహ వచ్చింది.

"పెట్టె విప్పితే ఒక్క ఉల్లిపాయల సంచే ఉందండీ! నాతో ఆటలాడుతున్నారా?" ఎవరో ఆడమనిషి అరుస్తోంది. వెనక కార్ల హారన్లు. సూపర్‌వైజరు వెనకగదిలోకి ఉరికి వచ్చాడు. బల్ల మీద పెట్టెలన్నీ దాదాపు ఖాళీ.

"అలవాటులో పొరపాటు సార్" అని కౌంటరామె అడ్డుపడింది. "అక్క కావాలని చెయ్యలేదు. ఇంకొక్క రోజు చూడండి."

అతను అరవలేదు. ఏరుడమ్మ దగ్గరికి రాబోయి, రెండడుగుల అవతలే నిలబడి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. పొద్దుటి మాంసం నీళ్లు ఆమె జాకెట్టు చేతికి అంటి ఎండిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లు లోకాన్ని చూసి ఆమె ముడుచుకున్న ముక్కు ఎలా ఉంటుందో ఇప్పుడు ఎదురుగా కనబడింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"రేపటినుంచి రావద్దు, పెద్దమ్మా."

"బాబూ, ఇంట్లో ఆయన..." అంది. రుమాలు ముక్కు మీదినుంచి దిగలేదు.

పొద్దు వాలేవేళకు చేతులు మోచేతులదాకా తోముకుంది. మొగుడికి రోజూ రాత్రి పాలల్లో రొట్టె నానబెట్టి పెట్టాలి. పాలపాకెట్టు ఒకటి తీసుకుని కౌంటరుకు వచ్చింది. మిషను మీద గుడ్డ కప్పేసి ఉంది.

"ఇక్కడ బిల్లు వెయ్యడం ఆపేశారక్కా" అంది కౌంటరామె, ముఖం చూడలేక. "మనవాళ్లైనా సరే ఫోన్లో చెప్పి కిటికీ దగ్గర తీసుకోవాలంట."

"నా ఫోనుకు అవన్నీ తెలియవు."

"నా ఫోన్లో నేను చెబుతాను ఉండు."

"వద్దులే. వీధి చివర కొంటా."

పాల ఫ్రిజ్ కొట్టు అవతలి చివర ఉంది. ఏరుడమ్మ అటు చూసింది. కాళ్లు లాగేస్తున్నాయి. దాని ఖర్మ అనుకుంది. చేతికి అందిన అరలోకి పాకెట్టును తోసి, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడిచింది.

లోపల దీపాలు ఒక్కొక్క వరసే ఆరిపోయాయి. బూటు పాలిష్ డబ్బాల మధ్య పాలపాకెట్టు చెమటలు కక్కుతూ, మెల్లగా ఒక పక్కకు ఒరిగింది.