ఉప్పలయ్య క్యాలెండర్

నిర్మలకు యాభై ఏడేళ్లు. వరంగల్ పాత బీట్ బజార్లో పూజాసామాన్ల దుకాణం, వెనకే ఇల్లు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆ తొమ్మిదేళ్లూ గల్లా దగ్గర కూర్చుని పసుపు, కుంకుమ, కర్పూరం, దేవుడి పటాలు అమ్ముతూనే ఉంది. కొడుకు సాయికిరణ్ మంచివాడు. కోడలు మానస అంతకన్నా మంచిది. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాళ్లయితే ఎదురు తిరిగి ఓ మాట అనొచ్చు, మంచివాళ్లను ఏమంటాం?

కార్తీక పౌర్ణమి గిరాకీ అయిపోగానే ఆడబిడ్డ శారద వచ్చి పట్టుబట్టింది. టూర్ల ఉప్పలయ్య కొచ్చి నుంచి లక్షద్వీపాలకు ఓడ ప్రయాణం పెట్టాడని, అయిదు రోజులని, ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తామని ఒకటే పోరు. "పో అమ్మా, దుకాణం ఫికర్ చెయ్యకు" అని సాయికిరణే డబ్బు కట్టి పంపించాడు.

తీరా ఓడ కదిలిన గంటకే శారదకు కళ్లు తిరిగాయి. అంత పోరు పెట్టిన మనిషి అయిదు రోజులూ గదిలో బకెట్ పక్కన పెట్టుకుని పడుకుంది. నిర్మల పైకి వచ్చి ఒక్కతే కూర్చునేది. ఉప్పలయ్య తెచ్చిన బృందంలో పద్నాలుగు జంటలు. ఒంటరిగా వచ్చిన మగవాడు ఒక్కడే, కాశిబుగ్గ మల్లికార్జున్. నలభై ఏళ్లు మగ్గం మీద జంపఖానాలు నేసి, మోకాళ్లు మొరాయిస్తే మానేసిన మనిషి. భార్య పోయి ఆరేళ్లు. బ్యాంకులో పనిచేసే కూతురు తేజస్విని, తండ్రి ఇంట్లో ఒక్కడే గోడలు చూస్తూ కూర్చుంటున్నాడని బలవంతంగా ఓడ ఎక్కించింది.

మొదటి రోజు ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీసి ఉసిరికాయ వరుగులు ఆమె ముందు పెట్టాడు. "మీ వదినమ్మకియ్యుండ్రి, కడుపుల తిప్పుడు తగ్గుతది" అన్నాడు. వెళ్లబోతూ ఆగి, "మీరు తిన్నరా?" అని అడిగాడు.

నవ్వులాటగా ఉంటుంది గానీ, నిర్మల పడిపోయింది ఆ ఒక్క మాటకే. తొమ్మిదేళ్లుగా ఇంట్లో అందరినీ తిన్నారా అని అడిగేది తను. తనను అడిగినవాళ్లు లేరు. అడగలేదని ఎవరి మీదా కోపమూ లేదు, అడగాలని వాళ్లకు తోచలేదు, అంతే. ఆ మనిషి మాత్రం అయిదు రోజులూ, పూటపూటా అడిగాడు. మూడో రోజుకల్లా భోజనం గంట కొట్టకముందే ఆమె ఆ మాట కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

కల్పేని దీవిలో అందరూ నీళ్లలోకి దిగారు. పుట్టి బుద్ధెరిగి చీలమండ దాటి నీళ్లలో దిగని నిర్మల ఒడ్డునే నిలబడింది. మల్లికార్జున్ చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది. మోకాళ్ల లోతుకు వెళ్లేసరికి ఒక అల వచ్చి ఇద్దరినీ తడిపింది. చిన్నపిల్లలకు మల్లే ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వడం ఆపినా చెయ్యి వదల్లేదు. సిగ్గు పడాల్సింది పోయి ఆమెకు హాయిగా అనిపించింది.

చివరి సాయంత్రం మల్లికార్జున్ ఆమె పక్కన కూర్చుని, సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. "నాకు మాట తిప్పి చెప్పుడు రాదు. మనిద్దరం ఒక్కకాడ ఉంటె మంచిగుంటదనిపిస్తాంది. మీరు ఊ అనుండ్రి, నేనే వచ్చి మీ కొడుకుతోని మాట్లాడ్త. మీరు అనకుంటె మల్ల నా నోట ఈ మాట రాదు."

నిర్మలకు అక్కడే, అప్పుడే ఊ అనాలని ఉంది. కానీ కొడుకుకు తెలియకుండా అనడం దొంగతనంలా తోచింది. "ముందుగాల మా పిలగానికి చెప్త. చెప్పినంక ఊ అంట. జర ఆగుండ్రి" అంది.

"ఆగుత. ఇన్నేండ్లు ఆగలేదా" అని ఆయన నవ్వాడు.

వరంగల్ వచ్చాక చెప్పడానికి ఒక్క మంచి రోజు దొరికితే ఒట్టు. ఇవాళ అమావాస్య, రేపు మంగళవారం, ఎల్లుండి మానసకు తలనొప్పి. గట్టిగా నిర్ణయించుకున్న నాడు సాయికిరణ్ ఎంతో ప్రేమగా ఆమె మోకాళ్లకు నూనె తెచ్చిచ్చాడు. ఆ నూనె సీసా చేతిలో పట్టుకుని పెళ్లి మాట ఎలా ఎత్తాలి? మంచిరోజులు అమ్ముకు బతికే దుకాణంలో ఆమెకే మంచిరోజు కరువైంది. నెలన్నర గడిచిపోయింది.

డిసెంబరు ఆఖరులో ఉప్పలయ్య కొత్త సంవత్సరం క్యాలెండర్లు పంచాడు. దుకాణం తెరవగానే సాయికిరణ్ చుట్ట విప్పాడు. నీలం సముద్రం, మోకాళ్ల లోతు నీళ్లు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని పగలబడి నవ్వుతున్న నిర్మల, మల్లికార్జున్. ఉప్పలయ్య ఎప్పుడు తీశాడో ఫొటో. కింద పెద్ద అక్షరాలు: "ఆలుమగలకు ఆనంద విహారం. ఉప్పలయ్య టూర్స్."

ఇక చెప్పాల్సిన పని లేదు, బజారంతా చూసేసింది అనుకుంది నిర్మల. ఒక్క క్షణం, చెప్పకూడదు గానీ, బరువు దిగినట్టు కూడా అనిపించింది.

సాయికిరణ్ ఆమె వైపు చూశాడు. పకపకా నవ్వాడు. "అమ్మా, ఉప్పలయ్య తలకాయ తిరిగినట్టుంది! నిన్నూ గా పెద్దమనిషినీ మొగుడూ పెండ్లాలు అనుకున్నడు!"

మానస నవ్వింది. పక్క గాజుల దుకాణం ప్రేమలత వచ్చి నవ్వింది. శారద ఫోన్లో నవ్వింది. ఎవరూ అనుమానించలేదు, ఒక్కరూ నిలదీయలేదు. నిలదీస్తే బాగుండునని నిర్మలకు ఏడుపొచ్చింది. నిజమా అని ఒక్కరు అడిగితే ఔనని చెప్పేసేది. అది నిజం కావచ్చునన్న ఊహే ఆ మనుషులకు రాలేదు.

మధ్యాహ్నం ఉప్పలయ్య పరుగెత్తుకొచ్చాడు, వెంట మల్లికార్జున్‌ను పెట్టుకుని. "అక్కా, నీ కాళ్లు మొక్కుత, తప్పైంది. పద్నాలుగు జంటల ఫొటోలు చూసిన, ఒక్కడన్న నవ్వితె ఒట్టు. మీదొక్కటే నవ్వే ఫొటో. ప్రెస్సుకు పంపిన. ఎవలు ఎవలో చూస్కోలేదు" అన్నాడు.

మల్లికార్జున్ మెట్టు కిందే నిలబడి నిర్మల వైపు చూశాడు. చెప్పారా, అని అడుగుతున్న చూపు. ఆమె కళ్లు దించుకుంది.

సాయికిరణ్ లేచి ఆయనకు కుర్చీ వేశాడు. రెండు చేతులూ పట్టుకుని మెట్టెక్కించాడు. "అంకుల్, మీరేం మనసుల పెట్టుకోకుండ్రి. ఓడల మా అమ్మను మంచిగ చూస్కున్నరంట, శారదత్త చెప్పింది. మా అమ్మకు మీరు సొంత అన్న లెక్క." తల్లి వైపు తిరిగాడు. "కదమ్మా?"

దుకాణంలో నలుగురు గిరాకీలున్నారు. ప్రేమలత గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు ముఖం పాలంత తెల్లగా, ఏ కల్మషమూ లేకుండా వెలుగుతోంది. కాదు బిడ్డా, అనాలి. రెండే మాటలు. నిర్మల నోరు తెరిచింది. ఎవరో పసుపు పొట్లం అడిగితే చెయ్యి దానంతటదే తీసి ఇచ్చింది.

"కదమ్మా?" అన్నాడు సాయికిరణ్ మళ్లీ.

"ఊ" అంది నిర్మల.

నెలన్నరగా ఆ మనిషి ఏ మాట కోసం ఆగాడో ఆ మాటే. పడకూడని చోట పడింది. మల్లికార్జున్ సాయికిరణ్ చేతుల్లోంచి తన చేతులు మెల్లగా విడిపించుకున్నాడు. తర్వాత, "ఔ బిడ్డా, చెల్లె లెక్కనే" అన్నాడు సాయికిరణ్‌తో. కుర్చీలో కూర్చోకుండానే మెట్టు దిగాడు. దిగి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు. "తిన్నరా?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. తినలేదు.

ఉప్పలయ్య అయిదు వందల క్యాలెండర్లు పారేయలేనని నెత్తి కొట్టుకున్నాడు. ఉపాయం సాయికిరణే చెప్పాడు. దుకాణంలో లక్ష్మీదేవి పటాలు బోలెడున్నాయి, సరిగ్గా అదే కొలత. పంచినవన్నీ వెనక్కి తెప్పించి, రెండు రోజులు కూర్చుని ఫొటో మీద లక్ష్మీదేవిని అంటించారు. కింది అక్షరాల మీద తెల్ల కాగితం అంటించి "శుభం లాభం" అని రాశారు. అవే మళ్లీ బజారంతా పంచారు. ఒకటి గల్లాకు ఎదురు గోడకు, నిర్మల కళ్ల ముందే తగిలించారు. రోజూ పొద్దున అగరుబత్తి ముట్టించి దానికి దండం పెట్టి బేరం మొదలుపెట్టాలి.

"అత్తమ్మా, మీరు ఈ లక్ష్మికి పెట్టినంతసేపు దండం ఇంట్ల దేవునికి గూడ పెట్టరు" అని మానస వేళాకోళం ఆడేది. నిర్మల నవ్వి ఊరుకునేది. మల్లికార్జున్ మళ్లీ రాలేదు. ఆయన ఓడలోనే చెప్పాడు, మళ్లీ తన నోట ఆ మాట రాదని.

ఎండాకాలం వచ్చింది. వేడికి జిగురు ఎండి ఒకనాటి పొద్దున పటం కింది మూల లేచింది. దుకాణంలో ఎవరూ లేరు. నిర్మల దగ్గరికి వెళ్లి చూసింది. లక్ష్మీదేవి పద్మం కింద వేలెడంత నీలం నీళ్లు కనిపించాయి. ఆ నీళ్లలో తన చీర కుచ్చెళ్లు, పక్కనే తడిసిన పంచె అంచు. ఆమె గోటితో మూల పట్టుకుంది. ఒక్క గుంజు గుంజితే చాలు, ఆ నవ్వు ముఖం మరోసారి చూడొచ్చు. కానీ గోరు ఆనింది అమ్మవారి పాదానికి. తొమ్మిదేళ్లుగా దేవుడి పటాలు అమ్మిన చెయ్యి అది. ఎంత బతిమాలినా కదల్లేదు.

లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నిర్మల కళ్లు తుడుచుకుంది.

"మానసా, జర గమ్ తీస్కరా బిడ్డా" అని పిలిచింది. "లక్ష్మి ఊడిపోతాంది."

కోడలు తెచ్చిన గమ్ తనే రాసి, బొటనవేలితో ఆ మూలను గోడకు అదిమి పట్టుకుంది, అంటుకునేదాకా.