పాతసామాన్ల వరస

ఆ ఇత్తడి చెంబు దొంగసొమ్ము కాదు. ఈ సభలో మిల్లు కార్మికులు, చదువుకునే పిల్లలు ఇంతమంది కూర్చున్నారు కాబట్టి ఆ మాట ముందు చెప్తాను. నా పేరు సంజీవయ్య. ఆళ్లగడ్డ సంతలో తాళాలు బాగుచేసేవాణ్ణి. నా పక్క అంగడి భారతమ్మది.

ఇది ఈ యేడే, యాభై ఏడులోనే జరిగింది. మొగుడు పోయినాక భారతమ్మ నంద్యాలలో ఇల్లిల్లూ తిరిగి పాతవి కొని, మూటగట్టి బస్సు టాపు మీద తెచ్చేది. నాలుగు కర్రలు పాతి పాతపంచె నీడకు కట్టేది. గోనెపట్ట పరిచి మూలమూలకూ రాళ్లు పెట్టేది. చిరుగు లోపలికి పోయేట్టు చొక్కాలు మడిచేది. లాంతర్లు బూడిదతో తోమి ముందర నిలబెట్టేది. అట్లాంటోళ్లం బస్సుల రోడ్డు పక్కన ముప్పై ఇళ్లవాళ్లం. కొత్తది కొనలేని కూలోళ్లే మా బేరగాళ్లు.

సంతలో ఆశీలు వసూలు చేసే గుత్తదారు అనంతయ్యకు మా జాగా మీద కన్నుపడింది. ఆడ కొత్తబట్టల అంగళ్లు కట్టించాలని ఆయన ఆలోచన. ఆశీలు మేం వారంవారం కడుతూనే ఉన్నాం. ఊరికే లేపలేడు. అందుకని ఒకరోజు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చినాడు.

"యాడిదిమ్మే ఈ చెంబు?" అన్నాడు పోలీసు, భారతమ్మ పట్ట మీది ఇత్తడి చెంబు ఎత్తి.

"నంద్యాలలో కొన్యా సామీ."

"రసీదేదీ?"

"పాతచెంబుకు రసీదు ఎవరిస్తారు సామీ?"

చెంప మీద కొట్టినాడు. ఆమె నీడకర్ర పట్టుకుంది. కర్రతో సహా ఈడ్చినారు. "సంజీవన్నా, చెప్పు! నన్ను ఎరగవా నువ్వు?" అని నా తట్టు చూసి అరిచింది. నేను తలొంచుకొని తాళాలు అరగదీసే నా ఆకురాళ్లు సంచిలో వేసుకుంటాండా. ముప్పైమందిమీ చూస్తానే ఉన్నాం. ఆమెను పోలీసు వ్యాను ఎక్కించినాక మిగతా అంగళ్లు కూడా ఊడ్చి బండికెత్తినారు. నా సంచీ పోయింది.

మర్నాడు పాతచెప్పులమ్మే ప్రభుదాసు వాకిట్లో కూర్చున్నాం.

"అనంతయ్య కాళ్లు పట్టుకుందాం," అన్నారు ఒకరు.

"పట్టుకుంటే భారతమ్మను ఇడిపిస్తాడా?"

"మన బిడ్డల మాటేందీ? అంగడి లేకుంటే ఏం తినాల?"

కడాకు రంగమ్మ లేచింది. పాతగిన్నెలకు మాట్లేసి అమ్మేది ఆమె. "ఆయమ్మ పిలిస్తే ఒక్కరం నోరు తెరవలేదు. తెరవకపోతే మన సామాన్లు మిగిలినాయా? వచ్చే సంతకు మనం ఆడ లేకుంటే కొత్త అంగళ్లకు గుంజలు పాతేస్తారు. కూచుందాం."

"అమ్మేదానికి ఏముందక్కా?" అన్నాను.

"ఏమీ లేదు. అయినా కూచుందాం."

ఆ సంతకు ముప్పై గోనెపట్టలు వరసగా పరిచినాం. ఒక్కదాని మీదా వస్తువు లేదు. బేరానికొచ్చినోళ్లు నిలబడి చూసి, సంగతి కనుక్కొని, యాడికీ పోకుండా ఆన్నే నిలబడినారు. అనంతయ్య గుంజలతో, గడ్డపారల కూలోళ్లతో వచ్చినాడు. వెనక పోలీసులు.

"ఏం అమ్ముతాండారప్పా?" అని నవ్వినాడు.

"కూచున్యాం," అన్నాడు ప్రభుదాసు. అంతే.

లాఠీలు లేచినాయి. నా కుడిచేయి విరిగింది. ఈ వేళ్లు ఇంక మడతపడవు, చూడండి. ప్రభుదాసును ఈడ్చుకుపోతే ఆయన పట్ట మీద రంగమ్మ కూర్చుంది. "తొవ్వండ్రా!" అని అనంతయ్య కూలోళ్ల మీద అరిచినాడు. అబ్రహాము అనే కూలివాడు గడ్డపార కింద పెట్టినాడు. "నాతో కాదు సామీ. వీళ్లు లేకుంటే మేం గుడ్డ యాడ కొనాల?" అతన్నీ కొట్టి వ్యాను ఎక్కించినారు. మిగతా కూలోళ్లు ఒక్కొక్కరే గడ్డపారలు వదిలేసినారు.

భారతమ్మ ఇంకా జైల్లోనే ఉంది. మా సామాన్లు వెనక్కి రాలేదు. మేం గెలిచినామని చెప్పడానికి నేను ఈడికి రాలేదు. కానీ ఆ రోజు పోలీసు వ్యాను నిండిపోయింది, తలుపు మూయబోతాండారు. రంగమ్మ లేచి, పైట నడుముకు చుట్టుకొని, వ్యాను ముందరికి పోయి నిలబడింది.

"ఇంకా శానామందిమి ఉండాం. ఇంకో బండి తెప్పించు," అంది.

మేమంతా ఆమె వెనక పోయి నిలబడినాం.