చేతులు చాచి ఆగడం

ఆమె ఉతికిన ఏప్రన్ పిండుతుంటే మొగుడు అన్నాడు, పిల్లల ముక్కులు తుడవడానికి కూడా ట్రైనింగేనా అని. పోనీలే, నాలుగు ముక్కలు ఒంటబడితే మనకే మేలని అత్తగారు వంటింట్లోంచి అందుకుంది. ఆ ఇంట్లో నవ్వాల్సిన చోట కోడలు నవ్వాలి. నవ్వింది. వంట చేసి, ఐదేళ్ళ కూతురికి జడ వేసి, బస్సు పట్టుకుంది.

ఆమె పసిపిల్లల్ని చూసుకునే సెంటర్లో ఆయా. పిల్లలకు ఎవరివల్లా హాని జరగకుండా ఎలా కాచుకోవాలన్నది ఆ రోజు పాఠం. చెప్పడానికి వచ్చిన టీచరమ్మది నెరిసిన జుట్టు. పెద్ద మాటలేవీ ఆడలేదు. బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు చాచి ఆగమంది. వస్తే ఎత్తుకోవాలి. రాకపోతే చేతులు దించుకోవాలి. తన ఒంటి మీద తన మాట చెల్లుతుందని తెలిసిన బిడ్డే, రేపు ఎవడైనా చెయ్యి వేస్తే నోరు తెరుస్తుందంది.

"అలా ఆగుతూ కూర్చుంటే సాయంత్రానికి ఒక్క ముక్కూ తుడవలేమమ్మా," అంది ఒక లావుపాటి ఆయా.

"ముక్కు కారుతుంటే తుడువు తల్లీ. ముద్దు కావాలంటే ఆగు."

అందరూ నవ్వారు. తర్వాత ఒకరు బిడ్డగా, ఒకరు ఆయాగా చేసి చూపించాలి. కోడలు బిడ్డగా నిలబడింది. టీచరమ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. ఆగింది. లాగలేదు, రమ్మనలేదు. బుద్ధెరిగాక తన కోసం ఎవరూ ఇలా ఆగలేదు. పెళ్ళి నీకు ఇష్టమేనా అని ఆగలేదు. పక్కమీద మొగుడు ఆగలేదు. జ్వరమొస్తే పొయ్యి ఆగలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఆగింది. ఆ మేలుకు ఏమనాలో తెలియక, ఆ చేతుల్లోకి వెళ్ళి ఏడ్చింది.

మర్నాడు మొగుడి బాబాయి వచ్చాడు. ఆదివారం తప్పడు. కుర్చీలో చేరగిలబడి, తొడ చరిచి, చేతులు చాచి, మనవరాల్ని ఒళ్ళోకి రమ్మన్నాడు. పిల్ల తల్లి కాళ్ళ వెనక్కి నక్కింది. ఎప్పుడూ ఆ వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసేది తల్లే. పెద్దవాళ్ళు పిలిస్తే వెళ్ళాలని ఆమెకు నేర్పారు, ఆమె నేర్పింది. ఈసారి చెయ్యి లేవలేదు.

"అది రానంటోంది. చేతులు దించుకోండి మామయ్యగారూ."

మొగుడు భగ్గుమన్నాడు. ఆయాల చదువు ఇంట్లో వెలగబెట్టొద్దన్నాడు. తాతకే ముద్దివ్వని పిల్ల ఏం పిల్లన్నాడు. బాబాయి నవ్వుతూ లేచి పిల్ల రెక్క పట్టుకున్నాడు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి మధ్యలో నిలబడింది.

"దాన్ని వదులు," అంది మరిదితో. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "మీ అక్క పుట్టింటి గడప ఎందుకు తొక్కదని అడుగుతుంటావుగా. వీడు వస్తాడని."

మొగుడు నేల చూపులు చూశాడు. బాబాయి చెప్పులు వెతుక్కున్నాడు. ఎవరూ ఉండమనలేదు. ఇంక ఈ తలుపు మీకు తియ్యనని చెప్పి, కోడలు గడియ పెట్టింది.

అత్తగారు సింకు దగ్గర కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. ఇన్నేళ్ళూ ఆమె అన్న మాటలన్నీ ఈ ఒక్క మాట ముందు తేలిపోయాయి. కోడలు దగ్గరికెళ్ళి చేతులు చాచింది. ఆగింది.

"నాకు ఇవన్నీ చెప్పినవాళ్ళు లేరే," అంది ముసలావిడ, గిన్నెతో చెబుతున్నట్టు.

కోడలు చేతులు దించలేదు, దగ్గరికి లాక్కోలేదు. ముసలావిడ కుళాయి కట్టేసింది. తడి చేతులు తుడుచుకుంది. వచ్చింది.