అమ్మకు సరిపడే వైరు

సాయంత్రం గిన్నెలు కడిగి బోర్లించాక కూతురు చేతులు తుడుచుకుని తల్లి వెనక కూర్చునేది. జుట్టుముడి పైకెత్తి, మెడ మీద ఉన్న మూడు రంధ్రాలనూ మెత్తటి గుడ్డతో తుడిచి, వైరు పెట్టేది. ఎరుపు, తెలుపు, పసుపు. వైరు రెండో కొస టీవీకి. తల్లి వయసువాళ్ళందరికీ ఉండేవే ఆ రంధ్రాలు. ఈవిడకు పసుపుది కాస్త వదులైంది, అందుకని అక్కడ వేలితో నొక్కి పట్టుకోవాలి.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"నొప్పేమిటే, చక్కిలిగిలి. త్వరగా కానీ, అది వచ్చే వేళైంది."

అది అంటే పెద్దకూతురు. పిచ్చుక అని పిలిచేవాళ్ళు. ఆరేళ్ళప్పుడు జ్వరంతో చనిపోయింది. ఫోటో తీయిద్దాం, తీయిద్దాం అనుకుంటూనే ఉండిపోయారు. చిన్నకూతురు అప్పటికి ఇంకా పుట్టలేదు. తనకు యాభై దాటినా, టీవీలో కనబడే ఆ ఆరేళ్ళ పిల్లను అక్క అనే అనేది.

కనబడేది కాసేపే. మసకమసకగా, గీతలు గీతలుగా, నీళ్ళతొట్టి గట్టు మీద పిచ్చుక కూర్చుని కాళ్ళూపుతూ ఉంటుంది. ఇటు తిరుగుతుంది. పై పన్ను ఊడిన నోటితో, "అమ్మా, చూడు!" అంటుంది. అంతే. మిగతాదంతా తల్లి ఏనాడో మరిచిపోయింది. రోజూ చూసుకోబట్టి ఈ పాటి నిలిచింది. ఒకసారి గాలివానకు కొన్నాళ్ళు కరెంటు లేకపోతే పిచ్చుక గౌను రంగు పోయింది. కరెంటు వచ్చింది గానీ రంగు మళ్ళీ రాలేదు.

ఆ పాత బొజ్జ టీవీ ఒకరోజు టప్పుమని ఆరిపోయింది. బాగుచేసే అతను వెనక మూత విప్పి, దుమ్ము ఊది, "దీని సామాను ఇప్పుడెక్కడా రావట్లేదండి" అని మళ్ళీ బిగించేశాడు. అల్లుడు దాన్ని మార్పిడికి ఇచ్చేసి, గోడకు తగిలించే పల్చటిది తెచ్చాడు. వెనక్కి తిప్పి చూస్తే మూడు రంధ్రాలు లేవు. అత్తగారి వైరు జేబులో పెట్టుకుని దుకాణానికి పరిగెత్తాడు.

"ఆ పిన్నులు ఆపేశారండి" అన్నాడు దుకాణంవాడు.

"ఎవరు ఆపేశారు?"

"కంపెనీవాళ్ళు. అందరూ ఒకే పిన్నుకి వచ్చేశారు కదండీ."

"మా అత్తగారు రాలేదు."

"అయితే ఆవిణ్ణి కూడా మార్పిడికి..." అనబోయి నాలుక కరుచుకుని, దుకాణంవాడు చిన్న పెట్టె ఒకటి తీశాడు. "కన్వర్టర్. ఇటు మూడు, అటు ఒకటి. తగిలించేస్తే సరి."

తగిలిస్తే సరిపోలేదు. దానికి విడిగా కరెంటు ఇవ్వాలట. ఆ తీగ విడిగా కొనాలట. కొన్న తీగ కొస ఇంట్లో ఏ ప్లగ్గులోనూ పట్టలేదు. ఈలోగా తల్లి ప్రతి సాయంత్రం మెడ వంచి కూర్చునేది. "గౌనుకి లేసు ఉండేదా, లేదా?" అని తనలో తనే గొణుక్కునేది.

చివరికి అన్నీ కుదిరాయి. తెర మీద మాత్రం పిచ్చుక రాలేదు. ఏదో సీరియల్, మధ్యలో ప్రకటనలు. దుకాణానికి ఫోన్ చేస్తే, "కొత్తది కదండీ, అలవాటు పడాలి. పెట్టి ఉంచండి" అన్నాడు. పెట్టి ఉంచారు. తల్లి కళ్ళు మూసుకుని, చిన్నగా నవ్వుతూ, సాయంత్రాలు అలాగే కూర్చునేది. పోనీలే, ప్రశాంతంగా ఉంది అనుకుంది కూతురు.

ఒకరోజు కూర తరుగుతుంటే తల్లి, "మీ నాన్న నన్ను విమానాశ్రయంలో వదిలేసి వెళ్ళిన రోజు ఎంత వాన!" అంది.

"నాన్న జన్మలో బస్సు తప్ప ఎక్కలేదు, విమానమేంటమ్మా!" అని నవ్వింది కూతురు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. నిన్నటి సీరియల్లో విమానాశ్రయం, వాన.

అల్లుడు కళ్ళజోడు పెట్టుకుని కన్వర్టర్ తిరగేశాడు. అడుగున చీమంత బాణం గుర్తు ఉంది. బాణం మొన అత్తగారి వైపు ఉంది.

"ఇది ఆవిడలోంచి టీవీలోకి కాదే" అన్నాడు. "టీవీలోంచి ఆవిడలోకి."

దుకాణంవాడు, "ఎటునుంచి ఎటు కావాలో మీరు చెప్పాలి కదండీ" అన్నాడు. విప్పిన పెట్టె వెనక్కి తీసుకోనన్నాడు. ఇంకోటి కొన్నారు.

ఆ సాయంత్రం కూతురు పసుపు పిన్ను నొక్కి పట్టుకుంది. తెర వెలిగింది. గీత లేదు, మసక లేదు. నీళ్ళతొట్టి గట్టు మీద పిల్ల కాళ్ళూపుతోంది. నీలం గౌను, దానికి తెల్ల లేసు. ఇటు తిరిగింది. చెంప పక్కన పళ్ళపేస్టు ట్యూబు పట్టుకుని, తళతళలాడే నిండు పలువరసతో, "అమ్మా, చూడు!" అంది.

"రంగు వచ్చిందే! నీలమేనని నేననలేదూ!" తల్లి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "చూడవే, మీ అక్క ఎంత స్పష్టంగా ఉందో!"

అల్లుడు నోరు తెరవబోయాడు. భార్య అతని వైపు ఒక చూపు చూసింది.

"అచ్చం అక్కేనమ్మా" అంది.

తల్లి చూసి చూసి అలిసి నిద్రపోయాక, పిన్నులు తీసి, రంధ్రాలు తుడిచి, కూతురు వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. అక్కకు ఊడింది కుడివైపు పన్నా, ఎడమవైపుదా? అక్కను ఊడిన పన్నుతో గుర్తుంచుకోవలసింది ఇక తనొక్కతే. కళ్ళు మూసుకుని, నాలుకతో తన పై పళ్ళను ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. ఏ పన్ను దగ్గర ఆగాలో తెలియలేదు.