గవరయ్య గుండెలో పదమూడు రోజులు

నేను ఒక తీగను. వీణ తీగనూ కాను, బట్టలారేసే తీగనూ కాను. గుండె నెమ్మదించిన మనిషికి రొమ్ము తోలు కింద చిన్న యంత్రం పెట్టి కుడతారే, పేస్‌మేకరు, దాని కబురును గుండెదాకా మోసుకెళ్ళే తీగను. మూరెడు పైచిలుకు పొడవు, సేమియా పుల్లకన్నా కాస్త లావు, కొసన గుండె గోడలోకి తిప్పి బిగించే ఇంత మర.

ఎక్కడో దూరదేశంలో ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకున్న ఆడవాళ్ళు భూతద్దాల కింద నన్ను చుట్టారు. పదిసార్లు వంచి చూశారు, పదిసార్లు లాగి చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా అన్ని చూపులుండవమ్మా! చూడకుండా పంపడమన్నది అక్కడెవరికీ తెలియదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

గవరయ్యది బొబ్బిలి పక్క పల్లె, వీణలు చేసే ఇల్లు. పనస దుంగ తొలిచేవాళ్ళు వేరే ఉన్నారు, మెట్లు బిగించేది మాత్రం ఆయనే. మైనంలో మసి కలిపి, అది వెచ్చగా ఉండగానే ఇరవై నాలుగు మెట్లూ నిలబెట్టి, ఒక్కొక్కటీ మీటి, చెవి ఒప్పుకున్నాకే ఆరనిస్తాడు. వెంట్రుకవాసి జరిగిందా, స్వరం పోయినట్టే. అలాంటి మనిషి అరవై మూడో ఏట రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాడు. విశాఖపట్నం తీసుకొచ్చారు. అలమరలో పడి ఉన్న నాకు అలా ఒక ఇల్లు దొరికింది.

నన్ను పెట్టినాయన డాక్టరు శేషసాయి. మంచి చెయ్యే. భుజం కింది నరంలోంచి దింపి, తెరమీద చూసుకుంటూ గుండె అడుగున మర తిప్పాడు. ఒక చుట్టు ఎక్కువ తిప్పాడు. నా కొస గుండె గోడ దాటి, కింద ఊపిరి పీల్చే కండ దాకా పొడుచుకుపోయింది. ఇలాంటివి పట్టుకోవడానికే ఒక పద్ధతుంది. కుట్టేముందు కరెంటు పెంచి, పొట్టమీద అరచెయ్యి వేసి చూడాలి. అదిరితే తీగ తప్పుచోట ఉన్నట్టు. ఆ రోజు ఆయనకది ఐదో ఆపరేషను, బయట ఆరో మనిషి కాచుకుని ఉన్నాడు. "బాగానే ఉంది, కుట్టెయ్యండి" అన్నాడు. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

పడుకున్నంతసేపూ గవరయ్యకు ఏమీ తెలియలేదు. ఇంటికెళ్ళిన మర్నాడు, సగంలో ఆగిన వీణ ముందు కూర్చుని ఒంగాడు. హిక్! నేను కొట్టిన ప్రతి దెబ్బా ఆ కండకు తగులుతోంది.

మనకు ఎక్కిళ్ళొస్తే మందేమిటి? ఎవరో తలుచుకుంటున్నారు, ఆ పేరు చెబితే ఆగిపోతాయి. భార్య అచ్చియ్యమ్మ చెంబుడు నీళ్ళతో వచ్చి పేర్లు మొదలెట్టింది.

"మీ సెల్లెలు తలుస్తున్నాదేమో మావా?"

హిక్.

"సాలూరు మేనల్లుడేటి?"

హిక్.

"అయితే ఆ పార్వతీపురం పిల్లే! నన్ను సేసుకోకముందు సూసొచ్చినావు కదా."

"నలబై ఏళ్ళయిపోనాదే! దానికి మనవ... హిక్... మనవలున్నారే!"

"ఉంటే? మనవలున్నోళ్ళకి తలపులుండవేటి?"

లోపలినుంచి నేను మొత్తుకుంటూనే ఉన్నాను, నేనమ్మా, నేను అని. ఊళ్ళో పేర్లన్నీ అయ్యాయిగానీ నా వంతు రాలేదు.

మూడు రోజులు గవరయ్య మెట్లు నిలబెట్టాలని చూశాడు. ఏడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు ఎగరడం, మెట్టు జరగడం, మైనం ఆరిపోవడం. చివరికి కత్తితో మైనమంతా గీకేసి, మెట్లను తుడిచి గుడ్డలో మూట కట్టాడు. "నా సెయ్యి పోనాదే" అన్నాడు. అచ్చియ్యమ్మ పేర్లు చెప్పడం మానేసింది.

పదకొండో రోజు కుట్లు చూపించడానికి ఆసుపత్రికి వచ్చారు. మంచమ్మీద పడుకోబెడితే ఎక్కిళ్ళు లేవు. చిన్న డాక్టరు "గ్యాసండీ" అన్నాడు.

"తొంగుంటే రాదు బావూ, వీణకాడ ఒంగితేనే వస్తాది" అంది అచ్చియ్యమ్మ. తెచ్చుకున్న దుప్పటి చుట్టి నేలమీద వీణలా పెట్టింది. గవరయ్య దాని ముందు కూర్చుని ఒంగాడు. హిక్. అది చూసిన శేషసాయి పక్కన గొంతుక్కూర్చుని ఆయన పొట్టమీద అరచెయ్యి వేశాడు. పదకొండు రోజుల కిందట రావలసిన చెయ్యి. ఉన్న బలమంతా పెట్టి తన్నాను.

ఆ అదురు శేషసాయి అరచేతికి తగిలింది. గ్యాసని తప్పించుకోవచ్చు, ఆ మాట గదిలో తయారుగానే ఉంది.

"తప్పు నాదే గవరయ్యగారూ. తీగ మరీ లోపలికి పోయింది. కుట్టేముందు చూడాల్సింది, చూడలేదు. దాన్ని తీసెయ్యాలి. తీసేటప్పుడు రక్తం కారొచ్చు, ప్రాణం మీదికి కూడా రావొచ్చు. నామీద నమ్మకం లేకపోతే వేరే చోటికి నేనే రాసిస్తాను."

అచ్చియ్యమ్మ లేచింది. "మా మావ గుండికాయ బడిపిల్లల పలకేటి బావూ? తప్పు రాసీసి, తుడిసీసి, మళ్ళీ రాస్తారా?"

గవరయ్య దుప్పటి వీణను నిమిరాడు.

"కుట్టీముందు మీటి సూడలేదేటి బాబూ?"

"లేదు."

"మైనం ఆరకముందే మీటాల."

"అవును."

భార్య వైపు తిరిగాడు. "నా మెట్టు తప్పితే మా అయ్య ఏటి సేసీవోడే? కొట్టీవోడు. కొట్టి, మళ్ళీ నాసేతే తీయించీవోడు. ఇంకోడిసేత ఎప్పుడూ తీయించనేదు."

"ఇప్పుడీ బాబుని కొట్టమంటావేటి?"

"ఆ పని నువ్వు సేసీసినావు కదా."

ధైర్యమని అనుకోకండి. పదమూడో రోజు బల్లమీద ఆ గుండె ఎంత వణికిందో లోపలున్న నాకే తెలుసు. శేషసాయి నా మరను ఒక్కొక్క చుట్టే వెనక్కి తిప్పాడు. పక్కన గుండె కోసే డాక్టర్లు చేతులు కడుక్కుని నిలబడ్డారు. వాళ్ళ అవసరం పడలేదు. కొత్త తీగను, నా చెల్లెలనుకోండి, కాస్త పైన బిగించారు. కరెంటు పెంచి ఆయన చెయ్యి వేశాడు, చిన్న డాక్టరు చేతా వేయించాడు. పొట్ట కదల్లేదు.

గుడ్డ చాటునుంచి గవరయ్య గొంతు వినబడింది. "ఇంకోపాలి మీటండి బాబూ."

ఇంకోసారి మీటారు.

ఇప్పుడు నేను శేషసాయి బల్లమీద గాజుసీసాలో ఉన్నాను. కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరుకూ నన్ను చూపించి, నా కథ తన తప్పుతో సహా చెబుతాడు. మొన్న అచ్చియ్యమ్మ మందుల చీటీకి వచ్చి, ఇరవై నాలుగు మెట్లూ నిలబడ్డాయని చెప్పి వెళ్ళింది. సీసా వైపు ఓరగా చూసింది కూడా.

సీసాలో నాకు పనేముంది, తలుచుకోవడం తప్ప? అందుకని, అచ్చియ్యమ్మ తల్లీ, మీ ఆయనకు మళ్ళీ ఎప్పుడైనా ఎక్కిళ్ళొస్తే ఆ పార్వతీపురం ఆవిణ్ణి ఏమీ అనకు. ముందు నా పేరు చెప్పి చూడు.