మైలతుత్తం నీళ్ల తలకాయ

నేను ఒక ఆవకాయ సీసాను. నవ్వుతారేం? ఈ ఆసుపత్రి స్కానింగ్ మిషన్లోకి నాకన్నా ఎక్కువసార్లు వెళ్లొచ్చిన తల ఇంకొకటి లేదు.

గాజు బట్టీలో పుట్టి, హైమవతి గారింట్లో మూడేళ్లు ఆవకాయ మోశాను. ఆవిడ శాస్త్రవేత్త. అయస్కాంతంతో మెదడు బొమ్మ తీసే కొత్త పద్ధతి కోసం ఇరవై ఏళ్లుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్న మనిషి. రాగి తీగ చుట్టి, తలకి తొడిగే చట్రాన్ని సొంతంగా తయారుచేశారు. ఈ ఆసుపత్రి మిషన్లో దాన్ని పరీక్షించడానికి తల కావాలి, ఎవరిస్తారు? నన్ను తోమి, మైలతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కలిపిన నీళ్లు నింపి, ప్లాస్టిక్ మూత బిగించారు. నాలో నీళ్లు తప్ప ఏమీ లేవు కనుక, నా బొమ్మలో మచ్చ కనబడిందంటే తప్పు మిషన్‌దే. అందుకే రోజూ పొద్దున్నే ముందు నేను, తర్వాతే రోగులు. బుర్ర ఖాళీ అయినందుకు కొలువు దొరికింది నాకొక్కదానికే అనుకునేదాన్ని, ఆసుపత్రి కమిటీ వాళ్లను చూసేదాకా.

ఒక సోమవారం రద్దీలో నన్ను మరిచారు. ఆ రోజే నాంచారమ్మ అనే చేనేత ఆవిడ మంగళగిరి నుంచి తలనొప్పితో వచ్చింది. బొమ్మలో ఎడమ పక్క నల్లటి మచ్చ. మళ్లీ తీసినా అదే చోట. బుధవారం పుర్రె తెరవాలన్నారు పెద్ద డాక్టరు. హైమవతి గారి పద్ధతి గడ్డను పట్టేసిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఇరవై ఏళ్లలో ఆవిడకి అదే మొదటి మెప్పు.

మంగళవారం పొద్దున టెక్నీషియన్ సుభానీ నన్ను మిషన్లో పెట్టి, తెర చూసి బిక్కచచ్చిపోయాడు.

"మేడమ్, ఆమెకున్న మచ్చ మన సీసాకీ ఉందండీ. అదే చోట!"

చూస్తే, చట్రంలో ఒకచోట టంకం ఊడింది. హైమవతి గారు నా మూత మీద చెయ్యి వేశారు. తర్వాత ఫోనెత్తారు.

"డాక్టరు గారూ, ఆపరేషన్ ఆపండి. తప్పు ఆవిడ తలలో లేదు, నా తీగలో ఉంది."

హమ్మయ్య! అతుకు వేసి మళ్లీ తీస్తే నేనూ శుభ్రం, నాంచారమ్మా శుభ్రం. మగ్గం మీద కళ్లు చిట్లించీ చిట్లించీ వచ్చిన నొప్పి అది. కళ్లజోడు రాసిచ్చారు.

వారం తిరక్కుండా ఆ కళ్లజోడు పెట్టుకుని వచ్చింది.

"నా బదులు తల పెట్టిందెవరమ్మా? ఓ పాలి చూపియ్యండి."

నన్ను చూసి పకపకా నవ్వి, నా గాజు నుదుటి మీద కుంకుమ దిద్దింది. హైమవతి గారికి దండం పెట్టబోయింది.

"వద్దమ్మా. ఆ రోజు దీన్ని మరిచింది నేనే."

"మరిస్తే మరిచారులే తల్లీ. చెప్పారు గదా!"

హైమవతి గారు అప్పుడు ఏడ్చారు. చప్పట్లు కొట్టిన రోజున కూడా ఆవిడ కళ్లు తడవలేదు.

ఇప్పుడు ఆవిడ రిటైరయ్యారు, నేను బీరువాలో ఉన్నాను. ఆవకాయ అయిపోయాక నన్ను పారెయ్యని ఆ చేతికి ఎంత రుణపడ్డానో! నాంచారమ్మ బొట్టు పెట్టిన ఆ రోజు సుభానీ గుడ్డ తీసుకుని, "బొట్టు తుడవనా మేడమ్?" అనడిగాడు.

"ఉండనీవయ్యా," అన్నారావిడ. "రేపు పొద్దున మరిచిపోకుండా ఉంటాం."