జ్వరం గోలీ

ఆటో ఉప్పల్ రింగ్ రోడ్డు దాటకముందే శిరీష తన తల్లి తారామణి చేతిలో జ్వరం గోలీ పెట్టి, నీళ్ల సీసా అందించింది. నాచారం ఆసుపత్రి చేరేలోపు అది పని మొదలుపెట్టాలి.

తారామణికి రొమ్ము క్యాన్సర్. కీమో ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ గేటు దగ్గర నర్సు నుదుటికి గురిపెట్టే ఆ తుపాకీలాంటి థర్మామీటర్ వల్లే. వాయిదా పడ్డ ప్రతిసారీ గడ్డకు ఎరువేసినట్టేనని తారామణి నమ్మకం; రెండోసారి ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నిన్న రాత్రి మళ్లీ ఒళ్లు కాలింది.

శిరీష ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. తప్పు సరిచేయకుండా అలర్ట్ మాత్రం ఆపేసేవాళ్లను మీటింగుల్లో ఏకిపారేస్తుంది. ఆటోలో ఆ సంగతి గుర్తు రాలేదు. వచ్చినా గోలీ ఇచ్చేదేమో.

గేటు దగ్గర తొంభై ఎనిమిది. మొన్నటి రక్తపరీక్ష కూడా బాగానే ఉంది. తారామణి పెళ్లిచూపుల్లో నెగ్గిన పిల్లలా లోపలికి నడిచింది. బోనాల నాటికి ఎవరి నెత్తిన ముందు జుట్టు మొలుస్తుందోనని పక్క మంచం బుచ్చిరాములుతో పందెం కూడా కాసింది.

ఛాతీ మీద చర్మం కింద అమర్చిన పోర్టులోంచి మందు ఎక్కడం మొదలైన కాసేపటికి ఆమె పళ్లు టకటకలాడాయి. దుప్పట్లు కప్పినా మంచం ఊగుతూనే ఉంది. నర్సు డ్రిప్ ఆపి డాక్టర్ నీరజను పిలిచింది. నీరజ గడ్డలు చూసే డాక్టర్ కాదు. గడ్డలున్నవాళ్లకు వచ్చే జ్వరాలూ, బీపీలూ, గుండెదడలూ చూసే ఫిజీషియన్. పడిపోయిన బీపీ చూడగానే ఆమె మొహం మారింది.

"రాత్రి జ్వరమేమైనా వచ్చిందా? పొద్దున ఏదైనా మాత్ర వేసుకున్నారా?"

"ఏం రాలే, ఏం ఏస్కోలే మేడం. ఏసీ చలి, గంతే," అంది తారామణి వణుకుతూనే. దుప్పటి కింద ఆమె చెయ్యి శిరీష మణికట్టును నొప్పెట్టేలా పట్టుకుంది.

అమ్మ తనను కాపాడుతోందో, డ్రిప్పును కాపాడుకుంటోందో తేల్చుకునే వ్యవధి లేదు.

"నేనే ఇచ్చిన మేడం," అంది శిరీష. "రాత్రి జ్వరమొచ్చింది. మళ్ల ఎనక్కి పంపుతరని ఆటోల గోలీ ఏసిన."

నీరజ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇన్ఫెక్షన్ పోర్టులోనే ఉండి ఉంటుందనీ, డ్రిప్ వదలగానే రక్తంలో కలిసిందనీ చెప్పింది. జ్వరం కనబడి ఉంటే పోర్టును ముట్టుకునేవాళ్లే కాదట. ఎక్కిన కీమోను వెనక్కి తీయలేరు. అది తెల్లకణాలను పడగొట్టాక, ఈ ఇన్ఫెక్షన్‌తో కొట్లాడేందుకు ఒంట్లో ఎవరూ మిగలరు. మంచాన్ని ఐసీయూ వైపు తోస్తూనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

సాయంత్రం శిరీషను లోపలికి వదిలారు. పోర్టు తీసేసిన చోట కట్టు. మానిటర్ మీద జ్వరం నూటమూడు, ఇప్పుడు అందరికీ కనబడేలా. తారామణి మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఎందుకు జెప్పినవే," అంది. "మొత్తం ఎక్కుతుండె."

"ఎక్కినదానికే డాక్టర్లు భయపడుతున్నరమ్మా."

"మళ్ల ఎప్పుడు ఎక్కిస్తరట?"

ముందు ఈ గండం గడవనివ్వండి, కీమో మాట తర్వాత, అని నీరజ బయటే చెప్పింది. జ్వరం గోలీలాంటి మాట ఒకటి శిరీష నాలుక మీదికి వచ్చింది. వచ్చే వారమే అమ్మా, అని. మింగేసింది.

"తెల్వదమ్మా. ఎక్కిస్తరో లేదో గూడ తెల్వదు."

తారామణి కళ్లు మూసుకుంది. దుప్పటి కింది చెయ్యి ఈసారి శిరీష మణికట్టు కోసం రాలేదు.